కంప్యూటర్ల అడంగలు



నేటి ప్రసంగ విషయము మీకు క్రొత్తగా దోచవచ్చును గాని, దానిలోపలనున్న ప్రశ్న క్రొత్తది కాదు. ఒకని పొలములో మఱియొకడు సాగు చేయుచుండగా, శిస్తు ఎవని పేర, ఎంత విస్తీర్ణమునకు, ఏ ఫసలీకి వ్రాయవలయును? ఈ ప్రశ్నకు సమాధానముగానే మన గ్రామములలో అడంగలు పుట్టినది. తెలంగాణలో దానిని పహాణీ యందురు. అందు సర్వే నంబరొక గడిలో, పట్టాదారు పేరొక గడిలో, ఆ యేడు వాస్తవముగా నాగలి కట్టినవాని పేరింకొక గడిలో నుండును. 1984లో కరణీకము రద్దయినది గాని అడంగలు రద్దు కాలేదు. భూమి కదలదు, దున్నువాడు మాఱుచుండును. ఈ రెంటికిగల సంబంధమును ఏటేట వ్రాసియుంచనిచో శిస్తు లెక్కయు నిలువదు, తగవును తీఱదు.

ఇట్టి సంబంధమే నేడు కంప్యూటర్ల లోకములోను ఏర్పడినది. అక్కడ శిస్తునకు బదులు లైసెన్సు రుసుము. దున్నువాడు ఏటికొకమారు గాక, ఒక్క రాత్రిలో పదిమార్లు పొలము మాఱవచ్చును. హైదరాబాదులో ఉద్యోగము చేయు మన పల్లెల పిల్లలలో కొందఱి పని యీ అడంగలు వ్రాయుటయే. నా మనుమడు అట్టివారిలో నొకడు. ఏమి పని చేయుచున్నావురా యని యడిగినచో, లైసెన్సుల లెక్క తాతగారూ యని చెప్పి యూరకుండును. ఆ చిన్నమాట వెనుక నెంత యున్నదో అతనిచేత కొంత చెప్పించుకొని, కొంత చదివి తెలిసికొని, మీకు మనవి చేయుచున్నాను.

ముందుగా వస్తువును చూతము. బ్యాంకులోనో రిజిస్ట్రారు కచేరీలోనో మీరు బల్లమీద చూచునది చిన్న కంప్యూటరు. దాని ప్రశ్నలకు సమాధానము చెప్పు పెద్దది మఱియొకచోట, చల్లని గదిలో, ఇనుప చట్రములలో నుండును. దానిని సర్వరు అందురు. అందు లెక్కచేయు భాగము ప్రాసెసరు. ఒక్కొక ప్రాసెసరులో కోర్లు అను విడివిడి పనివాండ్రుందురు. ఎన్ని కాండ్ల సేద్యమని మనము రైతు నడిగినట్లు, ఎన్ని కోర్ల యంత్రమని వారడుగుదురు. రెండు ప్రాసెసర్లు, ఒక్కొకదానిలో 16 కోర్లు, వెరసి 32 కోర్లు అనిన నేడు సామాన్యమైన సర్వరే.

ఇంత బలముగల యంత్రమునకు ఒక్క చిన్నపని యప్పగించుట, ముప్పదిరెండు కాండ్లవాడు పెఱటిలో కూరపాదు పెట్టుకొని కూర్చున్నట్లుండును. కావున హైపర్‌వైజరు అను ఒక మూలకార్యక్రమమును సర్వరుమీద నెక్కించి, దాని బలమును పెక్కు భాగములుగా పంచుదురు. ఒక్కొక భాగము తానే సంపూర్ణమైన కంప్యూటరని తలచి ప్రవర్తించును. తన కోర్లు, తన జ్ఞాపకము, తన పేరు, తన క్రమసంఖ్య దానికుండును. దీనిని వర్చువల్ మెషీన్ అందురు. నేను వర్చువల్ యంత్రమనెదను. క్రిందనున్న ఇనుప సర్వరు హోస్టు. తర్కము చదివినవారు ఇది ఆధారాధేయ సంబంధమని యిట్టే గ్రహింతురు. వేదాంతము విన్నవారికి కుండలోని యాకాశము జ్ఞప్తికి వచ్చును. అయితే ఉపమానము కొంతవఱకే చెల్లును. ఇక్కడ కుండ కుండకును రుసుము కట్టవలసియున్నది.

ఈ యుపాయము నిన్నమొన్నటిది కాదు. 1960 తరువాతి దశాబ్దములో అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున ఐ.బి.యం. కంపెనీవారు దీనిని కల్పించిరి. 1972లో వి.యం. 370 అను పేర దానిని లోకమునకు ప్రకటించిరి. చిత్రమేమనగా, కార్యక్రమములకు వేఱుగా వెలకట్టు వాడుకయు ఇంచుమించు ఆ కాలముననే మొదలైనది. అంతకు మునుపు పెద్ద యంత్రము తీసికొన్నవారికి కార్యక్రమములు దానితోడనే వచ్చుచుండెను, బండితో కాడి వచ్చినట్లు. 1969 జూనులో ఐ.బి.యం. వారు ఇకమీదట పెక్కు కార్యక్రమములకు వేఱు ధర యని చాటిరి. అప్పటినుండి యంత్రమొక సరకు, సాఫ్టువేరొక సరకు. అయినను లెక్క సులభముగనే యుండెను: యంత్రమింత, కనుక రుసుమింత. 1998లో కాలిఫోర్నియాలో పుట్టిన వి.యం.వేర్ అను కంపెనీ, మఱుసటి యేటినుండి సామాన్యపు కంప్యూటర్లమీదను వర్చువల్ యంత్రములను నడిపించుటతో ఆ సులభమైన లెక్క చెడినది.

2003లో ఆ కంపెనీవారు వి.మోషన్ అను మఱియొక విద్యను తెచ్చిరి. విక్రమార్కుని కథలలో పరకాయప్రవేశము మీరందఱును వినియున్నారు. ఇది అట్టిది. నడుచుచున్న వర్చువల్ యంత్రమును ఆపకయే ఒక హోస్టునుండి మఱియొక హోస్టులోనికి పంపుదురు. దాని జ్ఞాపకములోని పుటలన్నియు క్రొత్తచోట నకలు వ్రాయబడును. వ్రాయుచుండగనే కొన్ని పుటలు మాఱును గనుక, మాఱినవానిని మరల వ్రాయుదురు. మిగిలినది స్వల్పమైనప్పుడు లిప్తకాలము దానిని నిలిపి, ఆ శేషమును పంపి, క్రొత్తచోట మేల్కొలుపుదురు. బ్యాంకు బల్లయొద్ద గుమాస్తాకు ఏమియు తెలియదు. హోస్టునకు మరమ్మతు వచ్చినను, ఒకచోట భారము హెచ్చినను ఇట్లు చేయుదురు. మనుష్యుడు చెప్పకయే, భారమును చూచి తనంత తానే మార్చు ఏర్పాటును కలదు. అది మొదట ఐదు నిమిషములకొకమారు చూచుచుండెను. 2020లో వచ్చిన ఏడవ కూర్పునుండి నిమిషమునకొకమారు చూచుచున్నది. నిమిషనిమిషమునకు కౌలుదారు మాఱగల పొలమునకు అడంగలు వ్రాయుట యెట్లో ఊహింపుడు.

ఇక రుసుము సంగతి. మనిషికింత యని తలపన్ను వేయు సాఫ్టువేరు కంపెనీలతో మనకిప్పుడు పని లేదు. వర్చువల్ యంత్రమెక్కడనున్నను వారి లెక్క మాఱదు. చిక్కంతయు కోర్లను కొలుచువారితోనే. నాలుగు కోర్ల వర్చువల్ యంత్రము 32 కోర్ల హోస్టుమీద కూర్చున్నది. రుసుము నాలుగింటికా, ముప్పదిరెంటికా? పంటనుబట్టి పాలా, నేలనుబట్టి శిస్తా? ఒక్కొక కంపెనీ ఒక్కొక సమాధానము చెప్పును, అంతయు ఒడంబడికలోని మాటనుబట్టి.

పలక తీసికొని ఒక లెక్క వేయుదము. మైక్రోసాఫ్టువారి విండోస్ సర్వరు 2016 నాటి కూర్పునుండి కోర్లనుబట్టి అమ్మబడుచున్నది. 2022 నాటి కూర్పునకు వారు ప్రకటించిన ధర, 16 కోర్లకు, స్టాండర్డు రకము 1,069 డాలర్లు, డేటాసెంటరు రకము 6,155 డాలర్లు. హోస్టునందలి కోర్లన్నిటికిని స్టాండర్డు కొన్నచో దానిమీద రెండు వర్చువల్ యంత్రములు నడుపుకొనవచ్చును. మఱి రెండు కావలెనన్న మరల కోర్లన్నిటికిని కొనవలయును. డేటాసెంటరు ఒక్కమారు కొన్న చాలును, ఎన్నియైనను పెట్టుకొనవచ్చును. 16 కోర్ల హోస్టుమీద పది వర్చువల్ యంత్రములకు స్టాండర్డు ఐదు పర్యాయములు, 5,345 డాలర్లు. పండ్రెండింటికి ఆఱు పర్యాయములు, 6,414 డాలర్లు. కనుక పదివఱకు స్టాండర్డు, ఆపైన డేటాసెంటరు మేలు. ఇంతవఱకు చిన్న తరగతుల లెక్కయే.

ఇప్పుడు అట్టి హోస్టులు రెండనుకొనుడు. ఒక్కొకదానిమీద నాలుగేసి వర్చువల్ యంత్రములు కలవు. కాగితము చూచినవాడు ఒక్కొక హోస్టునకు రెండేసి పర్యాయములు చాలునని 4,276 డాలర్లు కట్టి నిశ్చింతగా నుండును. ఒకనాటి రాత్రి మరమ్మతుకై మొదటి హోస్టును ఆపిరి. దానిమీది నాలుగును రెండవదానిమీదికి పోయినవి. ఆ రాత్రి రెండవ హోస్టు ఎనిమిదింటిని మోసినది. ఎనిమిదింటికి నాలుగు పర్యాయములు కొనియుండవలయును. మొదటిదాని లైసెన్సును ఆ రాత్రికి అరువు తెచ్చుకొందమనిన వీలు లేదు. ఒక సర్వరునకు కేటాయించిన లైసెన్సును మఱియొకదానికి మార్చినచో, తొంబది దినములు గడచువఱకు మరల మార్చరాదని నియమము. యంత్రము శాశ్వతముగా చెడినప్పుడే మినహాయింపు. పై వారము రెండవదానిని ఆపుదురు, ఎనిమిదియు మొదటిదానిమీదికి వచ్చును. కనుక రెండింటికిని నాలుగేసి పర్యాయములు, వెరసి 8,552 డాలర్లు. సరిగా రెట్టింపు. వర్చువల్ యంత్రమొక్కటియు పెరుగలేదు, హోస్టును పెరుగలేదు. మాఱినది వాని సంబంధమొక్కటే, అదియు ఒక్క రాత్రికి. ఈ చిక్కు చూచియే కాబోలు, చందా కట్టువారికి 2022 అక్టోబరునుండి వర్చువల్ యంత్రపు కోర్లనుబట్టి కొనుటకును వారు వీలు కల్పించిరి.

ఐ.బి.యం. వారి పద్ధతి మన రెవిన్యూవారి పద్ధతికి మిక్కిలి దగ్గఱ. వారి పెక్కు కార్యక్రమములకు పి.వి.యు. అను కొలత కలదు. రెండు ప్రాసెసర్ల సామాన్యపు ఇంటెల్ సర్వరులో కోరుకు 70 చొప్పున లెక్క. 32 కోర్ల హోస్టు మొత్తమునకు 2,240. ఆ హోస్టుమీద నాలుగు కోర్ల వర్చువల్ యంత్రములో మాత్రమే వారి కార్యక్రమమున్నచో 280. అనగా ఎనిమిదవ వంతు. కాని యీ తగ్గింపు అడిగినవారికెల్ల దొరకదు. లైసెన్స్ మెట్రిక్ టూల్ అను లెక్కకార్యక్రమమును వారే ఉచితముగా నిత్తురు. దానిని తొంబది దినములలోపల స్థాపింపవలయును. అది అరగంటకొకమారు కొలువవలయును. మూడు నెలలకొక పర్యాయమైనను నివేదిక తీసి రెండేండ్లు భద్రపఱుపవలయును. ఇవి లేనిచో హోస్టు మొత్తమునకు 2,240 కట్టవలసినదే. అడంగలులో పేరు లేని కౌలుదారు నిజముగా దున్నినను, పంట నష్టము వచ్చిననాడు పరిహారము కొఱకు తిరిగి తిరిగి వేసారుట మనము చూచినదే గదా. దున్నిన మాట నిజమే, వ్రాత లేదు.

ఇందే మఱియొక విశేషము కలదు. 32 కోర్ల హోస్టుమీద 16 కోర్ల చొప్పున మూడు వర్చువల్ యంత్రములున్నవనుకొనుడు. విడివిడిగా కూడిన 48 కోర్లు. కాని క్రింద నున్న నేలయే 32 గనుక, రుసుము 32కు మించదు, 2,240తో నిలుచును. ఆ మూడును ఒకే హోస్టుమీద నున్నవని తెలియనిచో 48కిని కట్టవలసివచ్చును, అది 3,360. హోస్టుల సంగతి చెప్పగల నిర్వాహక కార్యక్రమముతో ఆ లెక్కయంత్రమును ముడిపెట్టనే లేదనుకొనుడు. అప్పుడది కోరుకు 70కి బదులు గరిష్ఠమైన 120 వేయును. 48 కోర్లకు 5,760. లైసెన్సుల లెక్క యనగా రుసుము పెంచుకొనుటయేయని కార్యాలయములలో కొందఱు భయపడుదురట. సంబంధము తెలియుటవలన తగ్గు సందర్భములును ఇట్లు పెక్కు కలవు.

అన్నిటికంటె పెద్ద తగవు ఒరాకిల్ వారి డేటాబేసు విషయమున వచ్చినది. వారి ఎంటర్‌ప్రైజు కూర్పునకు ప్రకటితధర ప్రాసెసరునకు 47,500 డాలర్లు. ఇంటెల్ కోర్లు రెంటిని ఒక ప్రాసెసరుగా నెంచుదురు. 32 కోర్ల హోస్టునకు 16 లైసెన్సులు, అనగా 7,60,000 డాలర్లు. బేరములో తగ్గింపు లభించును గాని మూలధర యిది. వి.యం.వేర్ వంటివారు చేయు పంపకమును మెత్తని విభజన యని పేర్కొని, దానివలన రుసుము తగ్గదని ఒరాకిల్ వారు తమ విధానపత్రములో వ్రాసియున్నారు. వర్చువల్ యంత్రమునకు నాలుగే కోర్లిచ్చినను హోస్టు మొత్తము లెక్కకు వచ్చును. అంతటితో ఆగిన బాగుండెడిది. ఆ వర్చువల్ యంత్రము మఱి రెండు హోస్టులకును పోగలదు గదా, కనుక ఆ మూడింటికిని కట్టుడనుట వారి వాదము. 7,60,000 కాస్త 22,80,000 అగును. 2012లోను 2015లోను వచ్చిన వి.యం.వేర్ కూర్పులు వర్చువల్ యంత్రములకు మఱింత దూరప్రయాణమును సాధ్యము చేయుటతో, పోగల హోస్టుల సంఖ్య యింకను విస్తరించినది.

2015 అక్టోబరులో మిఠాయిలు చేయు మార్స్ కంపెనీవారు దీనినిగూర్చి శాన్ ఫ్రాన్సిస్కో న్యాయస్థానమున ఒరాకిల్‌మీద వ్యాజ్యము వేసిరి. ఆడిటు పేర తాము బాధ్యులు కాని సర్వరుల వివరములు గూడ అడుగుచున్నారని వారి ఫిర్యాదు. తీర్పు వెలువడకముందే ఆ వ్యాజ్యము విరమింపబడినది గనుక, ధర్మసందేహము న్యాయస్థానములో తీఱలేదు. ఒడంబడికలో నున్న మాట, కార్యక్రమము స్థాపింపబడిన లేక నడుచుచున్న ప్రాసెసర్లు అని. విధానపత్రము ఒడంబడికలో భాగము కాదని దానిలోనే వ్రాసియున్నది. వ్యాకరణము చెప్పుకొని బ్రదికినవాడను గనుక నాకొకటి తోచును. నడుచుట వేఱు, నడువగలుగుట వేఱు. వెళ్లినవానిని, వెళ్లగలవానిని ఒక్క క్రియతో చెప్పరు. కాని నడువలేదని వాదించువాడు నడువలేదని చూపవలయును గదా. చూపుటకు వ్రాత కావలయును.

వ్రాత లేకున్న నేమగునో నాకు స్వయముగా తెలిసిన సంగతి యొకటి చెప్పెదను. నేను కార్యవర్గ సభ్యుడుగానున్న ఒక విద్యాసంస్థకు, పేరు చెప్పను, ఒక సాఫ్టువేరు కంపెనీనుండి ఆడిటు పత్రము వచ్చినది. గడచిన మూడేండ్లలో తమ కార్యక్రమము ఏయే హోస్టులమీద నడచినదో తేదీలతో చూపుమనిరి. మాయొద్ద వర్చువల్ యంత్రముల జాబితా చక్కనిది యుండెను. హోస్టుల జాబితాయు కొనుగోలు రసీదులతో సహా యుండెను. రెంటికిని నడుమ గీతలు లేవు. ఏ యంత్రమెప్పుడు ఎక్కడికి పోయినదో నిర్వాహక కార్యక్రమము వ్రాసికొనుమాట నిజమే. కాని ఆ వ్రాత సామాన్యముగా ముప్పది దినములది మాత్రమే నిలుచునట్లు అమర్చబడియుండును; అంతకు పాతది తుడిచిపెట్టబడును. మూడేండ్లకు ముప్పది దినముల సాక్ష్యము! కార్యవర్గము ఏమి వాదింపగలదు? హోస్టులన్నిటికిని లెక్కకట్టి అడిగినదంతయు ఇచ్చితిమి. ఆ సొమ్ము బాలికల వసతిగృహమునకు పైకప్పు వేయుటకై ఊరూర తిరిగి కూర్చినది. ఆ యేడును వారు రేకులక్రిందనే చదివికొనిరి.

మఱి యీ గీతలు గీయుట యెట్లు? ఆధేయమును అడిగినచో ఆధారము తెలియునా? ఎల్లప్పుడు తెలియదు. వర్చువల్ యంత్రములోపల కూర్చుండి చూచువానికి, ఏయే సాఫ్టువేరులున్నవో, ఎన్ని కోర్లిచ్చిరో కనబడును గాని, క్రిందనున్న హోస్టు కనబడదు. గర్భగుడిలోని దీపమునకు గోపురము కనబడనట్లు. మైక్రోసాఫ్టువారి హైపర్-వి మాత్రము హోస్టు పేరును విండోస్ యంత్రములోపల ఒకచోట వ్రాసి పెట్టును; వి.యం.వేర్ సామాన్యముగా పెట్టదు. హోస్టు పక్షమున అడిగినచో, తనమీద ఏయే వర్చువల్ యంత్రములున్నవో చెప్పును గాని, వానిలో ఏ సాఫ్టువేరున్నదో చెప్పజాలదు. ఇద్దఱు సాక్షులు, ఒక్కొకరికి సగము తెలియును. ఇద్దఱి వాఙ్మూలములను తీసికొని జతపఱుచుటయే ఈ విద్య.

జతపఱుచుటకు పేరు పనికిరాదు. ఒక ఊరిలో పది మంది వేంకటేశ్వర్లున్నట్లు, ఒక కార్యాలయములో పరీక్షాయంత్రమను పేరు పదింటికుండును. చిరునామా సంఖ్యయు మాఱుచుండును. ఒక్కొక వర్చువల్ యంత్రమునకును పుట్టినప్పుడే ఒక దీర్ఘసంఖ్య నిత్తురు; యు.యు.ఐ.డి. యందురు, 32 అంకెలక్షరములది. దానినే ఇద్దఱు సాక్షులచేతను చెప్పించి పోల్చుదురు. ఇక్కడను ఒక తమాషా కలదు. మన జ్యోతిషగ్రంథములలో భూతసంఖ్యలను కుడినుండి యెడమకు చదువవలెనని సంప్రదాయము; తెలియనివాడు తిన్నగా చదివినచో వేఱొక సంఖ్య వచ్చును. ఈ దీర్ఘసంఖ్యలోని మొదటి మూడు భాగములకును ఇట్టి చిక్కే. కొన్ని పనిముట్లు రెండేసి అక్షరముల జంటలను ముందునుండి వ్రాయును, కొన్ని వెనుకనుండి వ్రాయును. యంత్రమొకటే, సంఖ్యయు నొకటే, రెండు చదువులు. ఎఱుగనివాడు రెండు యంత్రములని వ్రాసికొని రెండింటికిని రుసుము కట్టును. లేదా, జత కుదురలేదని రెంటిని వదలిపెట్టును. నా మనుమడు మొదటి నెలలో నేర్చిన విషయము ఇదియేనట.

నకళ్ల సంగతి మఱియొకటి. వర్చువల్ యంత్రమనగా తుదకు కొన్ని ఫైళ్లే గనుక దానికి నకలు తీయుట సులభము. వి.యం.వేర్‌వారి చిన్న కూర్పులలో ఫైళ్లను వేఱొకచోట తెఱచినప్పుడు, దీనిని మార్చితిరా, నకలు తీసితిరా యని ప్రశ్న వచ్చును. మార్చితిమన్నచో పాత సంఖ్యయే నిలుచును. నకలన్నచో క్రొత్తది పుట్టును. తొందరలో నకలును మార్పని చెప్పినచో ఒకే సంఖ్యతో కవలలు తిరుగుచుందురు. తొలగించిన యంత్రములు లెక్కలో మిగిలియుండుట దీనికి విపర్యయము. చనిపోయినవాని పేర రేషను నడుచుట వంటిది. పనిలో నుండక ఆపియుంచిన యంత్రములు, అచ్చులుగా దాచినవియు కొన్ని ఒడంబడికలలో లెక్కకు వచ్చును, కొన్నిట రావు. స్థాపింపబడిన అను మాట యున్నదా, నడుచుచున్న అను మాట యున్నదా యని చూచుకొనవలయును.

జత కుదిరినతరువాత, నేడు ఎక్కడ నున్నదని మాత్రము వ్రాసిన చాలదు. ఈ వర్చువల్ యంత్రము, ఈ హోస్టుమీద, ఈ తేదీ ఈ గంటనుండి ఈ గంటవఱకు అని వ్రాయవలయును. పాత వరుసను కొట్టివేయక క్రొత్త వరుసను క్రింద చేర్చవలయును. అడంగలులో గత ఫసలీ పుటను చింపనట్లే. రోజునకొకమారు ఉదయమున చూచి వ్రాసినచో రాత్రి పోయి వేకువకు తిరిగివచ్చినది కనబడదు. కావున నిర్వాహక కార్యక్రమపు కదలికల వ్రాతను ముప్పది దినములు నిండకమున్నే వేఱుచోటికి తీసి దాచుదురు. తెలిసినవారు మఱియొకటియు చేయుదురు: వెలగల కార్యక్రమములకు కొన్ని హోస్టులను ప్రత్యేకించి, ఆ యంత్రములు గట్టు దాటిపోకుండ వేఱు సమూహముగా నుంచుదురు. గట్టు గట్టిదేనా యని అప్పుడప్పుడు చూచుట అవసరము. క్రొత్త కూర్పు వచ్చినప్పుడెల్ల క్రొత్త గండి పడవచ్చును.

పంపకము చేయు హైపర్‌వైజరుకు గూడ రుసుము తప్పుట లేదు. 2023 నవంబరులో వి.యం.వేర్‌ను బ్రాడ్‌కామ్ కంపెనీ కొన్నది. మఱుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకమును మానివేసి, కోర్లనుబట్టి చందా పద్ధతిని స్థిరపఱిచిరి. ప్రాసెసరులో ఎన్ని తక్కువ కోర్లున్నను 16కు లెక్క. దానివలన పెక్కు సంస్థలు ఇతర హైపర్‌వైజర్ల వంక చూచుచున్నవి. ఇల్లు మాఱునప్పుడు పత్రములు పోవుట లోకసహజము. క్రొత్త హైపర్‌వైజరులో వర్చువల్ యంత్రమునకు క్రొత్త దీర్ఘసంఖ్య రావచ్చును. పాత సంఖ్యకును క్రొత్త సంఖ్యకును ముడి ఆనాడే వ్రాయనిచో, ఆడిటునాడు అవి రెండు వేఱు యంత్రములుగనే కనబడును.

అమెజాను, మైక్రోసాఫ్టు మొదలగువారి క్లౌడులో అద్దెకుండువారికి హోస్టు కనబడనే కనబడదు. అక్కడ ఒరాకిల్ వారు గూడ వర్చువల్ కోర్లనే లెక్కించి, సామాన్యముగా రెంటిని ఒక ప్రాసెసరుగా నెంచుచున్నారు. అంతవఱకు సుఖమే. 

మీలో కళాశాలల కార్యవర్గములలోను, ఆసుపత్రుల ధర్మకర్తల మండలులలోను, సహకార బ్యాంకుల పాలకవర్గములలోను కూర్చుండువారు కలరు. లైసెన్సుల బిల్లుమీద మీ చేవ్రాలు పడును. చేవ్రాలుకు ముందు గుమాస్తా నడుగుటకు ఇంగ్లీషు రానక్కఱలేదు. ఈ కార్యక్రమమున్న వర్చువల్ యంత్రములు గడచిన ఏడాదిలో ఏయే హోస్టులమీద నుండెనో తేదీలతో చూపుమనుడు. ఆ వ్రాత ఎన్ని దినములవఱకు నిలుచునట్లు అమర్చితిరని అడుగుడు. హోస్టును మరమ్మతుకై ఆపిన రాత్రులెన్ని, ఆ రాత్రులలో దానిమీదివి ఎక్కడికి పోయినవని అడుగుడు. మూడవ ప్రశ్నకు అతడు పుస్తకము తెఱచి చూపినచో చేవ్రాలు చేయవచ్చును. ఆలోచించి చెప్పెదననినచో బిల్లును పై సమావేశమునకు వాయిదా వేయుడు.